తలకొక ఓమెరు

ధ్యానభాగము: నిర్గమకాండము 16:13–36



కుంచము, మానిక, తవ్వ, సోల మనమెరిగిన కొలతలు. ఓమెరు అను కొలతను మనము వేదములో మాత్రమే చదువుచున్నాము. అది ఏఫాలో పదియవ వంతు. నేటి లెక్కలో సుమారు రెండు లీటర్లు. అరణ్యములో ఇశ్రాయేలీయులకు దేవుడు ఏర్పరచిన దినభత్యము తలకొక ఓమెరు మన్నా. మంచు ఇగిరిపోయిన చోట అది కొత్తిమెర గింజలవలె నేలమీద కనబడెడిది. ఎండ ముదిరినచో కరగిపోయెడిది. కావున ప్రొద్దుననే లేచి, నడుము వంచి ఏరుకొనవలసినదే. ఆకాశమునుండి కురిసినను అది ఎవరి నోటిలోను కురియలేదు.

ఈ సంగతి ముందుగా చెప్పుటకు కారణము కలదు. తృప్తినిగూర్చి ప్రసంగించినప్పుడెల్ల, బాగుపడవలెనను కోరికయే పాపమని కొందరు అర్థము చేసికొనుచున్నారు. వేదము అట్లు చెప్పుట లేదు. మన్నా కురిసినది నలువది ఏండ్లు మాత్రమే. గిల్గాలునొద్ద వారు కనాను దేశపు పంట తిన్న మరునాడే అది మానిపోయెనని యెహోషువ గ్రంథము అయిదవ అధ్యాయములో చూచుచున్నాము. తరువాత వారికి దున్నుట, విత్తుట, కోయుట వచ్చెను. మంచి ఇండ్లు కట్టుకొందురనియు, మందలు వృద్ధియగుననియు మోషే వారికి ముందుగానే చెప్పెను. అవి పాపమనలేదు, అప్పుడు దేవుని మరచిపోకుడని మాత్రము హెచ్చరించెను. కావున మన అమ్మాయి నర్సు చదువు చదువవలెనని గాని, మన రెండెకరములకు నీటి వసతి కావలెనని గాని కోరుట తప్పు కాదు. మన తాతలు తమ బిడ్డలు బడికి పోవలెనని ఆశపడియుండనియెడల, మనలో అనేకులము ఈ పత్రికను చదువగలిగియుండము.

అయితే ఆ నలువది ఏండ్లు దేనికి? కొలత నేర్చుకొనుటకు. వారు సులభముగా నేర్వలేదు. కొందరు తెల్లవారువరకు దాచగా పురుగుపట్టి కంపుకొట్టెను. కొందరు విశ్రాంతిదినమున గంప పట్టుకొని వెళ్లి వట్టి చేతులతో వచ్చిరి. ఇక్కడ ఒక చిత్రము చూడుడి: ఆరవ దినమున రెండంతలు ఏరి, మరునాటికి ఉంచుకొనిన మన్నా చెడలేదు. మన్నా ఒకటే, కుండ ఒకటే. రేపు దేవుడు ఇయ్యడేమో అని దాచినది కుళ్లెను. ఆయన చెప్పిన విశ్రాంతి కొరకు దాచినది నిలిచెను.

మన ఇంటిలో ఓమెరు ఏది? వేడి అన్నము, పప్పు, కొంచెము ఊరగాయ, వానకు కారని కప్పు, రాత్రి అందరు కలిసి తినుట, కంటినిండ నిద్ర, ఆదివారము గుడిలో కూర్చుండుటకు తీరిక. ఇవి ఉన్నంతకాలము మనము వీటిని లెక్కలోనికి తీసికొనము. రెండెకరముల మిరపతో గడుచుచున్న సహోదరుడొకడు, నిరుడు పలికిన ధర చూచి, ఇంకొక అయిదెకరములు కౌలుకు తీసికొనుననుకొందము. కూలీలు ఆ దినమే దొరుకుదురు గనుక ఆదివారము పోవును. కల్లములో కాయ కావలికి నిద్ర పోవును. ఆరు నెలలనుండి నడుము నొప్పియని చెప్పుచున్న భార్యను ఆసుపత్రికి తీసికొనిపోవుటకు తీరిక లేదు; పంట అమ్మిన తరువాత చూతమనును. ఇల్లు బాగుపడవలెనని బయలుదేరిన ఆశ ఇంటిలోనున్న ఓమెరునే తినివేయుచున్నది. మన ఊళ్లలో ఇది మనము చూడనిది కాదు.

అలసిపోయిన ఏలీయా బదరీవృక్షము క్రింద పడి చావు కోరినప్పుడు దేవదూత అతనికి ప్రసంగము చేయలేదు. నిప్పులమీద కాల్చిన రొట్టె, నీళ్లు ఇచ్చి, మరల పండుకొననిచ్చెను. రెండవమారు తినిన తరువాతనే హోరేబు ప్రయాణము. ప్రవక్తకే దేవుడు అన్నము, నిద్ర ముందు పెట్టి పని వెనుక పెట్టెను. మనము మాత్రము ఇవి తీరికగలవారి వేడుకలని తలంచుచున్నాము.

ఇంతవరకు చెప్పినది కొంత కలిగినవారికి. ఓమెరుకంటె తక్కువ ఉన్నవానికి తృప్తిని బోధించి ఇంటికి పంపుట క్రూరత్వము. 1997–98లో వరంగల్లు జిల్లాలో ప్రత్తిపంటను పురుగు తినివేసినప్పుడు, కొట్టిన మందులు పనిచేయక, విత్తనము, మందు అప్పిచ్చిన దుకాణములకు బాకీపడి, అనేకమంది రైతులు తమ ప్రాణములు తీసికొనిరి. వారిని అత్యాశపరులనుట తేలిక. వాననే నమ్ముకొని, బ్యాంకు అప్పు అందక, వడ్డీకి తెచ్చి విత్తిన చిన్న రైతులు, కౌలుదారులు వారిలో అనేకులు. వారు వెదకినది బిడ్డల అన్నమే.

అపొస్తలుడైన పౌలు మన్నా వృత్తాంతమును ఎక్కడ ఎత్తి చెప్పెనో చూడుడి. రెండవ కొరింథీ పత్రిక ఎనిమిదవ అధ్యాయములో, యెరూషలేములోని బీద పరిశుద్ధుల కొరకు చందా అడుగుచు చెప్పెను. అరణ్యములో ఎవరెంత ఏరినను, కొలిచి చూడగా ఇంటిలోని నోళ్లకు సరిపోయెను. సంఘములోను అట్లే సరిపోవలెనని ఆయన వాదము. కాగా ఓమెరు ఉన్నవానికి హద్దు, లేనివానికి హక్కు.

1912లో దోర్నకల్ మొదటి బిషపైన అజరయ్యగారు, బీదవారమను మాటచేత ఎవరును ఇచ్చుట మానరాదని పల్లె సంఘములకు బోధించెను. మన తల్లులకు ఈ పాఠము చేతిలోనే ఉన్నది. ఎసటిలో బియ్యము వేయకముందు పిడికెడు తీసి దేవుని కుండలో వేయుదురు. బియ్యము తక్కువగా ఉన్న పూట పిడికిలి చిన్నదగును గాని, కుండ దాటిపోరు.

సంఘపెద్దలకు మా మనవి. ఆ బియ్యము అమ్మి, సొమ్ము సంఘ ఖర్చులకు చేర్చుట మన వాడుక. ఈ నెల దానిని అమ్మక, పంట పోయిన ఇండ్లకు, పని దొరకని కూలి ఇండ్లకు తలలు లెక్కించి కొలిచి పంపుడి. గుడిలో వారి పేర్లు చదువవద్దు. ప్రొద్దుగ్రుంకిన తరువాత ఇద్దరు వెళ్లిన చాలును. వెళ్లినవారు గుమ్మములో బియ్యము దింపి తిరిగి రాక, కూర్చుండి అప్పుల సంగతి అడుగవలెను. బ్యాంకునకు వెళ్లవలసియున్నచో, కాగితములు చదువగలవాడొకడు తోడు వెళ్లవలెను. ప్రార్థించునప్పుడు సామెతల గ్రంథము ముప్పదియవ అధ్యాయములోని ఆగూరు ప్రార్థన తీయవచ్చును. తనకు తగినంత ఆహారమే అడిగిన ఆ మనుష్యుడు, కడుపు నిండిన దేవుని మరతునేమో అనియు, బీదనైతే దొంగిలింతునేమో అనియు, తన రెండు భయములను దేవునియెదుట దాచక చెప్పెను.