కొనువాని మాట

తొలకరి వాన పడగానే కర్నూలు జిల్లాలో జొన్నగిరి, తుగ్గలి, మద్దికెర చేలయందు జనము నేల చూచుచు నడుచుట మీలో అనేకులు ఎరుగుదురు. వారు వెదకునది వజ్రము. చెట్ల క్రింద వండుకొనుచు దినములకొలది వెదకుదురు. దొరకువారు కొద్దిమంది, దొరికినదాని వెల ఎరిగినవారు మరి అరుదు.

వెల ఎరిగినవాడు వ్యాపారి. అతడు ముందుగానే పరిచయము చేసికొని, “ఏమన్నా, పిల్లలు బాగున్నారా?” అని పలుకరించును. రాయి చూపిన దినమున మాత్రము మొగము చిట్లించి, “మచ్చ యున్నదన్నా, అయినను నీ కొరకు తీసికొందును” అనును. సామెతలు 20:14లోని మనుష్యుడు ఇతడే. ఎదుట సరకును తక్కువచేసి, ఇంటికి పోయి అతిశయించును. సొలొమోను ఏ సంతలో చూచెనో గాని మన సంతను చూచినట్టే యున్నది!

మచ్చ నిజముగానే యున్నదనుకొందము. అబద్ధమాడలేదు, వెల చెప్పలేదు, అంతే. ఇది పాపమా? రాళ్ల విద్య నేర్చుటకు అతనికి ఏండ్లు పట్టెను, నష్టపడిన దినములును కలవు. తెలివికి కూలి వద్దనలేము. మత్తయి 13:44లో ధనము కనుగొన్నవాడు సహితము దానిని దాచి పొలము కొనెను గదా అని కొందరందురు. ఆ ఉపమానము పరలోకరాజ్యపు విలువను గూర్చినదే గాని బేరము నేర్పుటకు చెప్పబడినది కాదు.

లాభము తీసికొనుట తప్పని నేననను. స్నేహమును ఎర చేయుటయే నాకు తప్పుగా తోచుచున్నది. తోడబుట్టిన అన్నయే ఆ రాయి తెచ్చినయెడల, “ఇంకొక ఇద్దరికి చూపి రమ్ము” అని చెప్పడా? అన్నా అని పిలిచినవానికిని ఆ మాట చెప్పవలెను.

వ్యాపారిని తిట్టుట మనకు సులభము. నిరుడు వేరుశనగ అమ్మినప్పుడు బస్తా అడుగున తడి కాయలు పోసి, పైన ఎండినవి కప్పినవారు ఎవరు?