నామకరణము – నామస్మరణము

శ్రీకృష్ణ భగవానునకు పేరు పెట్టిన శుభవేళ మంగళవాద్యములు మ్రోగలేదు, బంధుజనము చేరలేదు. వసుదేవుడు పంపగా యదుకుల పురోహితుడగు గర్గమహర్షి నందవ్రజమునకు వచ్చెను. తాను బహిరంగముగా సంస్కారము జరిపినచో, ఈ శిశువు దేవకీసుతుడేమోయని కంసుడు శంకించునని ఆయన భయము. అందుచే గోశాలలో, రహస్యముగా, స్వస్తివాచన మాత్రముతో ఆ కార్యమును నెరవేర్పుమని నందుడు ప్రార్థించెను. జనులను రమింపజేయువాడు గనుక రోహిణీతనయునకు రాముడనియు, బలాధిక్యముచే బలుడనియు, యదువులను ఏకము చేయువాడు గనుక సంకర్షణుడనియు, నల్లని మేనివాడు గనుక యశోద యొడిలోని బాలునకు కృష్ణుడనియు గర్గుడు నామములుంచెను. నేడు కోట్ల నాలుకలపై ఆడుచున్న నామము మొదట వినబడినది ఆలమందల నడుమ! నామకరణమునకు ముఖ్యము ఆడంబరము కాదు, అర్థమని శ్రీమద్భాగవత దశమస్కంధము ఈ ఘట్టముచే తెలుపుచున్నది.

పూర్వులకు ఈ అర్థమునందు శ్రద్ధ మెండు. పతంజలి మహర్షి మహాభాష్యారంభమున వ్యాకరణ ప్రయోజనములను వివరించుచు నామకరణమును ఒక ప్రయోజనముగా చూపెను. పదవ దినము పిమ్మట ఉంచు ఆ పేరు ఘోషాక్షరముతో ఆరంభింపవలెను. నడుమ యరలవలలో ఒకటి యుండవలెను. రెండుగాని నాలుగుగాని అక్షరములు గల కృదంతము కావలెను. మూడుతరముల పూర్వులను అనుసరింపవలెను. శత్రువు పేరు కారాదు. శాస్త్రము చదువనివానికి ఇది యెట్లు సాధ్యమని ఆయన భావము. స్త్రీల పేరులు సుఖముగా పలుకదగినవై, స్పష్టార్థములై, మంగళకరములై, దీర్ఘాంతములై యుండవలెనని మనువు విధించెను.

అర్థమును విచారించినచో వింత యొకటి గోచరించును. సంస్కృతమున దేవదత్తుడన్నను, గ్రీకుభాషలో థియొడోరస్ అన్నను, లాటిన్‌లో దియోదాతుస్ అన్నను, పారసీకమున ఖుదాదాద్ అన్నను, హీబ్రూలో నథానియేల్ అన్నను అర్థమొక్కటే – దేవుడిచ్చినవాడు. వీనిలో మొదటి నాలుగుభాషల దానార్థక పదములు మన ‘దా’ ధాతువునకు సగోత్రములు; హీబ్రూ పదము వేరొక కుటుంబమునకు చెందినది. భాష వేరైనను తల్లిదండ్రుల హృదయము వేరు కాదు. అరబ్బీలో అబ్దుల్లా యనగా దైవదాసుడు. మన రామదాస, కృష్ణదాస నామములకు అది సమానము. బిడ్డ తమ సంపాదన కాదు, ఒకరు అప్పగించిన నిక్షేపమని అన్ని దేశములవారును పేరుపెట్టు క్షణమున ఒప్పుకొనిరి.

ఈ సందర్భమున ఒక యవనుడు స్మరణీయుడు. మధ్యప్రదేశమున విదిశ చెంత బేస్‌నగరులో ఒక రాతిస్తంభము కలదు. 1877లో కన్నింగ్‌హామ్ దానిని చూచినపుడు దట్టమైన సిందూరపు పూతచే శాసనము కనబడలేదు. 1909లో ఆ పూత తొలగింపగా బ్రాహ్మీలిపి బయల్పడెను. తక్షశిలావాసి, దియుని పుత్రుడు హెలియొడోరస్, దేవదేవుడగు వాసుదేవునకు ఈ గరుడధ్వజమును ప్రతిష్ఠించెనని అందున్నది. అంతలికితుడను యవనరాజు పంపగా ఇతడు భాగభద్రుని కొలువునకు రాయబారిగా వచ్చెను. కాలము క్రీస్తుపూర్వము 2వ శతాబ్దము. హెలియొడోరస్ అనగా సూర్యుడిచ్చినవాడు. తలిదండ్రులుంచిన ఆ పేరును అతడు విడువలేదు. దాని ప్రక్కనే ‘భాగవతుడు’ అను మాటను చేర్చుకొనెను. పుట్టుకచే వచ్చిన పేరు పూర్వుల ఋణము. భక్తిచే వచ్చిన పేరు స్వయముగా ఆర్జించిన ధనము.

ఆళ్వారులలో పెరియాళ్వారు తల్లిదండ్రులకు ఒక హితవు చెప్పెను. వస్త్రములకో ధనమునకో ఆశపడి మానవుల పేరులు పిల్లలకు పెట్టవలదు. నారాయణుని నామములే పెట్టుడు. అట్టి బిడ్డను కన్న తల్లికి నరకము లేదని ఆయన ఉపదేశము. దీనికి అజామిళుని కథ నిదర్శనము. మరణసమయమున యమభటులను గాంచి భీతుడై అతడు కడపటి కుమారుని ‘నారాయణా’ యని పిలిచెను. విష్ణుదూతలు వచ్చి కాపాడిరి. ఇంతమాత్రము విని, పేరు పెట్టిన చాలునని కొందరు తలంతురు. కాని కథ అంతటితో ముగియలేదు. బ్రదికి బయటపడిన అజామిళుడు తన గతమునకు మిక్కిలి పరితపించి, సర్వసంగములను విడిచి, గంగాద్వారమునకేగి యోగమున నిలిచి, పిమ్మట వైకుంఠమును పొందెను. నామము అతనికి తలుపు తెరచినది, నడచినది అతడే. అందుచే దివ్యనామము పెట్టిన ఇంట దానిని పిలుచు తీరునందును శ్రద్ధ యుండవలెను. ఉదయము వేంకటేశుడని నమస్కరించి, మధ్యాహ్నము అదే నామముతో బిడ్డను తిట్టుట తగునా? విదేశములలో పలుకుటకు సులువని దానిని వెంకీ యని కుదించినను, ఇంటిలోనైన నిండుగా పిలుచుట మేలు.

శ్రీవైష్ణవ సంప్రదాయమున నామము కృతజ్ఞతకును గుర్తు. 1017లో శ్రీపెరుంబూదూరున జన్మించిన మేనల్లునకు, తిరుమలలో స్వామికి తీర్థకైంకర్యము చేయుచుండిన తిరుమలనంబి ఇళైయాళ్వారు అని పేరిడెను. శ్రీరాముని అనుజుడగు లక్ష్మణునకు అది గుర్తు. ఆయనయే భగవద్రామానుజులు. యామునాచార్యుల మనోరథములను నెరవేర్చుటకై ఆయన కూరేశుని కుమారునకు పరాశరుని పేరును, తిరుమలనంబి కుమారునకు నమ్మాళ్వారుల జన్మస్థలమగు కురుగూరును స్మరించు పేరును ఉంచెనని గురుపరంపర చెప్పును. మేనమామ ఇచ్చిన నామఋణము ఆ మేనమామ ఇంటనే తీరినది!

తెలుగు ముంగిళ్లలో ఏడుకొండలు, వెంకన్న, తిరుపతయ్య, మంగమ్మ మొదలగు పేరులు ఆ కొండనే తలపించును. అలర్‌మేల్‌మంగై యనగా పూవుపై నున్న మంగ. అక్కకు అలమేలు, చెల్లెలికి మంగ యని పేర్లుంచిన ఇంట అమ్మవారి నామమే ఇద్దరి నడుమ పంచబడినది. ఇంటిపేరు సైతము తరచుగా ఒక ఊరి స్మృతి. అన్నమాచార్యుల ఇంటిపేరగు తాళ్ళపాక ఒక గ్రామము. మరి పెంటయ్య యను పేరు విని నవ్వువారున్నారు. పుట్టిన బిడ్డలు దక్కని తల్లి, ఈ బిడ్డయైన దక్కునను ఆశతో వానిని పెంటకుప్పపై నుంచి తిరిగి తెచ్చుకొని ఆ పేరు పెట్టెడిది. మృత్యువు కంటబడకుండ దాచిన పేరది. దానిని హేళన చేయువాడు ఒక తల్లి కన్నీటిని హేళన చేసినవాడగును.

సన్నిధిలో అర్చకుడు గోత్రనామములడుగగా, గోత్రము తెలియక తలవంచి నిలుచు యాత్రికులు ఎందరో కలరు. వారికి సిగ్గు అక్కరలేదు. పృథుచక్రవర్తి శాసనమునకు లోబడనివారిని పేర్కొనుచు భాగవతము భగవద్భక్తులను అచ్యుతగోత్రులని కీర్తించినది. పంచసంస్కారములలో ఆచార్యుడు ఒసగు దాస్యనామమున ఇంటిపేరు లేదు, ఊరు లేదు, హెచ్చుతగ్గులు లేవు. పండితుడును పామరుడును రామానుజదాసుడే. వేం అనగా పాపము, కట యనగా దహనము – ఆ వేంకటనామము ఎవరి నోట పలికినను పని యొక్కటే.

కావున గృహస్థులు శిశువునకు పేరు ఎన్నుకొనునపుడు క్రొత్తదా యని గాక, ఈ పిలుపు నా అంత్యకాలమున నా నాలుకపై నిలువదగినదా యని ఆలోచింతురు గాక. తాతల నామములలోని స్వామిని మనుమల నామములలోను నిలుపుకొని, ఆ శ్రీనివాసుని కృపకు పాత్రులగుదురు గాక.