పరదేశమున పండుగ పంక్తి

పండుగను పండుగగా చేయునది ఏది? తిథియా? పిండివంటయా? పంక్తిలో మన ప్రక్కన కూర్చుండు మనుష్యులా? స్వగ్రామమున ఉన్నంతకాలము ఈ ప్రశ్న మనకు తట్టదు. ఉగాదినాడు వేపపువ్వు పెరటిలోనే దొరకును. బంధువులు పిలువకయే వత్తురు. అన్నియు ఒక్కచోటనే యుండుటచే ఏది ముఖ్యమో విడదీసి చూడవలసిన అవసరము కలుగదు.

నరసరావుపేటనుండియో మాచర్లనుండియో ఉన్నతవిద్యకై అమెరికాకు వెళ్ళిన యువకుని స్థితిని ఊహింపుడు. అచ్చట ఉగాదికి సెలవు లేదు. 2026లో వలె పండుగ గురువారము వచ్చినచో విందు శనివారమునకు జరుగును. చలిప్రాంతములలో వేపచెట్టు కానరాదు. ఇంటినుండి పొట్లము కట్టి తెచ్చుకొన్న ఎండుపువ్వే గతి. మామిడికాయ దొరకనిచో పుల్లని ఆపిల్ ముక్కలతో సరిపెట్టుకొందురు. తిథి జరిగినది, వస్తువు మారినది. అయినను ఒకడు పులిహోర కలుపగా, మరియొకడు బొబ్బట్లు కాల్చగా, నలుగురు మిత్రులు కలిసి కూర్చుండి పచ్చడి నోటనుంచుకొనగానే ఉగాది వచ్చినదని వారికి తోచును. అన్నియు మారినను మిగిలినది పంక్తి యొక్కటే.

ఆ పంక్తిలో తమిళుడుండును, పంజాబీ యుండును, తోడి అమెరికా విద్యార్థి యుండును. ఇచ్చట మన పెద్దలకొక సందేహము కలుగవచ్చును: “మాంసాహారులతో సహపంక్తి చేసినచో లింగధారి ఆచారము చెడదా?” ఈ సందేహమును తేలికగా త్రోసివేయరాదు. ఆచారము విడిచినవాడు క్రమముగా తన్ను తానే మరచిపోవు ప్రమాదము కలదు. కాని ఏమి తినవలెననునది ఒక ప్రశ్న. ఎవరితో తినవలెననునది వేరొక ప్రశ్న. ఇష్టలింగమునకు అర్పించి శాకాహారమునే భుజించుట మన నియమము. దానిని ఏ దేశమునందైనను పాటింపవచ్చును. ప్రక్కవాని పుట్టుకను బట్టి విస్తరి జరుపుకొనుట నియమము కాదు, అహంకారము. మొదటిదానిని రక్షించుకొనుటకు రెండవది అక్కరలేదు.

ఈ మాట మన పల్నాటికి క్రొత్తది కాదు. 12వ శతాబ్దమున బ్రహ్మనాయుడు సర్వకులములవారిని ఒక్క పంక్తిని కూర్చుండబెట్టి భుజింపజేసెనని వీరగాథలు చెప్పును, అదియే చాపకూడు. కారెంపూడి వీరారాధనోత్సవములలో నేటికిని దానిని స్మరించుచున్నారు. ఆయన చెన్నకేశవుని భక్తుడు. అంతమాత్రమున ఆ సత్కార్యమును మెచ్చుకొనుటకు శివభక్తులు వెనుదీయనేల? ఆ శతాబ్దమునందే కల్యాణమున బసవేశ్వరుడు కాయకమును, దాసోహమును బోధించి, కులభేదము లేక శరణులనందరిని ఒక్కచోట చేర్చెను. మార్గములు వేరైనను ఇరువురును పంక్తిలోని గోడను పడగొట్టినవారే.

విదేశమునందు ఆ గోడ దానంతట అదియే కూలునని భ్రమపడరాదు. ఒంటరితనము కలిపినవారిని సంపద విడదీయగలదు; కులమువారీ సంఘములు సముద్రములు దాటియు వెలసినవి. అట్లే, పరదేశమున అందరితో కూర్చుండి భుజించిన యువకుడు తిరిగివచ్చి స్వగ్రామమున మరల వేరు పంక్తిని చూచినచో, ఏది మన సంస్కృతి యని అడుగును. అతనికి మనమేమి చెప్పగలము?

ఉగాదిపచ్చడిలోని కారమునే చూడుడు. ఆ పండుగ వచ్చునాటికి మన మిరపచేలలో కూలీలు ఎండలో వంగి కాయలు కోయుచుందురు. వారి కాయకము మన విస్తరికి చేరుచున్నది. వారు మన పంక్తికి చేరుచున్నారా? కాయకమును పూజించువారమని చెప్పుకొను మనము ఈ ప్రశ్నకు వచ్చు ఉగాదినాడు, మాటతో కాక, ఒక విస్తరి వేసి సమాధానము చెప్పవలసియున్నది.