తెగేదాకా లాగాలా?



కౌలాలంపూర్‌లో మా అమ్మాయి విలువిద్య నేర్చుకుంటోంది. క్లాసు అయ్యాక కోచ్ రికర్వ్ విల్లుకు నారి విప్పిస్తారు. పోగులు రేగితే మైనం రాయిస్తారు. ఒక్క పోగు తెగినా నారి మార్చేస్తారు.

“ఇంకా పనిచేస్తోంది కదా?” అన్నాను.

“లాగినప్పుడు తెగితే విల్లు పాడవుతుంది, పాపకూ దెబ్బ తగలొచ్చు” అన్నారు.

ఆ మాట నాకే తగిలింది. పగలు ఆఫీసు, రాత్రి ఆన్‌కాల్, శనివారం పాటల ప్రాక్టీసు, ఆదివారం సౌండ్ సిస్టమ్. అలసటే భక్తి అనుకున్నాను. పోయిన నెల ఆరాధన నుంచి రాగానే అమ్మాయి మీద అరిచాను. తెగింది నేను, దెబ్బ తనకి.

విప్పిన నారి బాణం వేయదు, నిజమే. కానీ విప్పేది మళ్లీ ఎక్కించడానికే. సేవ నుంచి తిరిగొచ్చిన శిష్యులను ప్రభువు కాసేపు విశ్రమించమన్నాడు (మార్కు 6:31).

ఇప్పుడు నెలకు రెండు ఆదివారాలు సౌండ్ మరో తమ్ముడు చూస్తున్నాడు. మన సంఘంలో ఎవరి పోగులు రేగుతున్నాయో, “నమ్మకమైన సేవకుడు” అని మెచ్చుకుంటూనే ఎవరిని తెగేదాకా లాగుతున్నామో చూసుకుందాం. ప్రభువు మనకు ఆ చూపు దయచేయును గాక. ఆమేన్.