త్యాగమునకు తూనిక

ఇరువురు గృహస్థులు ఒక ధర్మకార్యమునకు చెఱి వేయి రూపాయలిచ్చిరి. ఒకని కది తాంబూలపు ఖర్చు. రెండవవానికి వారము దినముల గ్రాసము. ఇచ్చిన సొమ్ము సమానమైనను త్యాగము సమానమందుమా? భూతాపమునకు హేతువులగు బొగ్గుపులుసు వాయువు మొదలగువానిని తగ్గింపబూనిన దేశములను పోల్చునప్పుడును ఈ ప్రశ్నయే మన యెదుట నిలుచుచున్నది.

2015వ సంవత్సరమున పారిస్ నగరమున కుదిరిన ఒడంబడికనుబట్టి ఏ దేశము ప్రతిజ్ఞను ఆ దేశమే నిర్ణయించుకొనును. అందుచే కొలతలు వేఱువేఱుగ నున్నవి. 2030 నాటికి, 1990 నాటి లెక్కలో నూటికి 55 పాళ్లైన తగ్గింతుమని ఐరోపా కూటమి పలికెను. 2005 నాటి లెక్కలో 50 మొదలు 52 పాళ్లు తగ్గింతుమని అమెరికా 2021లో పలికెను. మన దేశము 2022లో, మొత్తపు వాయువును గాక, దేశాదాయములో రూపాయి కొక్కింటికి వెలువడు వాయువును 2005 నాటికంటె నూటికి 45 పాళ్లు తగ్గింతుననెను. ఆరంభవత్సరము మాఱిన అంకెయు మాఱును. 1991లో సోవియట్ రాజ్యము విచ్ఛిన్నమై కర్మాగారములు మూతపడగా రష్యాలో ఈ వాయువులు మిక్కిలి తగ్గెను. అది కష్టమే కాని నిగ్రహము గాదు. ఉపవాసమునకును పస్తునకును భేదము లేదా?

కావున, తగ్గిన వాయువును మాత్రమే గాక తగ్గించుటకైన వ్యయమును చూడుడని అర్థశాస్త్రజ్ఞులందురు. ఇందును రెండు కొలతలు గలవు: కడపటి టన్నును తగ్గించుట కెంత ఖర్చు? మొత్తపు ఖర్చు దేశాదాయములో ఎన్నవ పాలు? బొగ్గుమీద బ్రదుకు బీదదేశమున టన్ను చౌకగ తగ్గవచ్చును. కాని తగ్గింపవలసిన టన్నులు పెక్కగుటచే మొత్తపు భారము పెద్దదగును. జలవిద్యుత్తు గల సంపన్నదేశమున టన్ను ప్రియమైనను మొత్తపు భారము స్వల్పము కావచ్చును. మొదటి కొలతకు సంపన్నదేశమును, రెండవదానికి బీదదేశమును ఉదారముగ గన్పట్టును.

వీనిలో ఏది న్యాయమో అర్థశాస్త్రము చెప్పజాలదు. త్రాసు అది యిచ్చును; పడికట్టురాళ్లను ధర్మబుద్ధి యేర్పఱుపవలెను. బాధ్యత యందఱిదే యైనను అందఱిదియు నొక్క తీరుది గాదని 1992 నాటి అంతర్జాతీయపు ఒడంబడికయే యంగీకరించినది.

అయినను త్రాసు నిరర్థకము గాదు. అది డంబమును బయలుపఱుచును, మన డంబమును సైతము. రూపాయి కొక్కింటికి వాయువు తగ్గినను, రూపాయలు హెచ్చినచో మొత్తము హెచ్చవచ్చును. మన దేశమున తలకు వెలువడు వాయువు లోకపు సగటులో సగమైనను లేదనుట సత్యమే. కాని ఆ సగటును తగ్గించుచున్నది విసనకఱ్ఱతో వేసవి గడపు బీదజనులు. వారి లేమిని మన మితవ్యయముగ చూపి, శీతలయంత్రముల నడుమ మనము నిశ్చింతగ నుండుట న్యాయమా? దేశములను తూచు త్రాసును ఒకమాఱు మన యింటను వ్రేలాడగట్టి చూచుకొందము.