కుండ అడుగున చప్పుడు

ఉగాది వెళ్ళిన మూడోనాడు కొత్త కుండ కడగబోతుంటే లోపల సన్నగా చిటచిటమని వినిపించింది. అడుగున రెండు గ్లాసుల పచ్చడి మిగిలి ఉంది.

మా ఇండ్లల్లో ఉగాది పచ్చడి నాకేది కాదు, తాగేది. చింతపండు పులుసు, బెల్లం, మామిడి ముక్కలు, పైన వేపపూత, కుండ నిండా నీళ్ళు. పక్కింటి గుంటూరు వాళ్ళు అరచేతిలో చెంచాడు వేసుకుని చప్పరిస్తారు. వాళ్ళకు మిగలదు కాబట్టి ఈ చప్పుడు తెలియదు.

గ్లాసులో పోస్తే అంచులకు బుడగలు అంటుకున్నాయి. పూల మీద కంటికి కనిపించని ఈస్ట్ ఉంటుంది. బెల్లాన్ని తిని గ్యాస్ వదులుతుంది. ఇంగ్లండులో వేసవి మొదట్లో ఎల్డర్ పూలు కోసి, నిమ్మకాయ, చక్కెర కలిపిన నీళ్ళలో నానబెట్టి ఇలాంటిదే చేసుకుంటారు. మన వైద్యులు అరిష్టాల్లో ధాతకీ పూలు వేసేదీ అవి పులియడానికే.

రుచి చూశాను. తీపి దాదాపు లేదు. షడ్రుచులు జీవితమని ప్రతి ఉగాదికీ ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు. అదంతా మొదటి గ్లాసు గురించే. మూడోనాటికి బెల్లం ఖర్చయిపోతుంది. చేదు ఎక్కడిదక్కడే ఉంది. అయినా గుక్క తేలికగా దిగింది. ఆ తేలిక బెల్లం పోయిన చోటునుంచే వచ్చిందని నాకు తట్టడానికి ఇంకో గ్లాసు పట్టింది.

మరుసటి ఏడు కావాలనే చేశాను. మా లేత్ షెడ్డు వెనక వేపచెట్టు ఉంది. 2021 ప్రాంతంలో తెలంగాణ అంతటా వేపలకు తెగులు తగిలినప్పుడు ఇదీ కొమ్మల చివర్ల నుంచి మాడింది, తర్వాత చిగురించింది. దాని కింద రాత్రి పాత చీర పరిచాను. రోడ్డు వైపు పూత ముట్టలేదు, దాని మీద ఇనుప రజనే ఎక్కువ. సోడా సీసాలో పోసి మూత బిగించాను. రెండోనాడు మూత ఎగిరి సజ్జ మీది డబ్బాకు తగిలింది.

ఇరవై ఏళ్ళుగా బాలానగర్‌లో లేత్ మీద పని నాది. టూల్ డిజైన్ నేర్పే కేంద్ర సంస్థ 1968లోనే వెలసిన చోటు. ఇక్కడ కొలతకు అందనిది తుక్కు కిందే లెక్క. ఈ సీసాకు మైక్రోమీటర్ పనికిరాలేదు. బొటనవేలితో నొక్కి చూడాలి. గట్టిపడితే మూత కాస్త వదలాలి. ఎండను బట్టి ఒక ఏడు రెండు రోజులు, ఒక ఏడు నాలుగు. ఎన్ని రోజులని పక్కింటివాళ్ళు అడిగితే వేలు చూపిస్తాను.

"ఏందిరా, పండుగ పచ్చడిని కల్లు జేస్తవా?" అంది అమ్మ.

గ్లాసు ఇచ్చాను. ఒక గుక్క తాగి, ముక్కు చిట్లించి, కాసేపు నాలుక చప్పరించింది. ఏమీ అనకుండా గ్లాసు మళ్ళీ చాపింది.