సూది కదిలితే తెలిసేదేమిటి?

అమలాపురం లేత్ షాపుకు వచ్చేవి పంపు షాఫ్టులు, రైసుమిల్లు పుల్లీలు, అరిగిన బుష్‌లు. అలాంటి షాపువాడు చిన్న జపాన్ టూల్‌రూమ్ లేత్‌ను సెకండ్‌హ్యాండ్‌లో కొనబోతే ఎదురయ్యేది తర్కశాస్త్రపు ప్రశ్నే: ఇది మంచిదని తెలిసేదెలా?

తెలుగువాడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో రాసిన తర్కసంగ్రహం నాలుగు ప్రమాణాలు చెబుతుంది: ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం. బ్రోకరు మాట శబ్దమే. కానీ ఉన్నదున్నట్టు చెప్పేవాడే ఆప్తుడు. కమిషన్ మీద బతికేవాడికి ఆ బిరుదు కష్టం. జపాన్ పేరుకు బలముంది, అక్కడి ఇకెగాయ్ కంపెనీ 1889లోనే లేత్ తయారుచేసింది. ఆ కీర్తి ఎదుటి బెడ్ అరగలేదని మాత్రం చెప్పదు.

స్పిండిల్‌లో బిగించిన టెస్ట్‌బార్‌కు డయల్ గేజి పెడితే? సూది 0.02 మిల్లీమీటర్లు ఊగింది. కంటికి కనిపించింది సూదే. స్పిండిల్ వంకర అన్నది అనుమానం, అంటే దాన్నిబట్టి ఊహించి తేల్చింది. స్టాండు వదులైనా, స్పిండిల్ టేపర్‌లో ఇనుప రజను ఇరుక్కున్నా సూది అలాగే ఊగుతుంది. ఇలా ఒక్క కారణానికే కట్టుబడని హేతువును నైయాయికులు, అంటే తర్కశాస్త్రజ్ఞులు, సవ్యభిచారమంటారు. అందుకే చేయి తిరిగిన మేస్త్రీ టేపర్ తుడిచి, టెస్ట్‌బార్‌ను సగం చుట్టు తిప్పి మళ్లీ బిగిస్తాడు. సూది చూపిన ఎత్తైన చోటు బార్‌తో జరిగితే తప్పు బార్‌ది, కదలకపోతే స్పిండిల్‌ది.

ఇక అసలు చిక్కు. మంచితనం యంత్రంలోని గుణమా, పనితో దానికున్న సంబంధమా? జపాన్ మోటారు సాధారణంగా 200 వోల్టులది, మన త్రీఫేజ్ 415. పెద్ద పంపు పైపుల మరకు అంగుళానికి 11 పళ్లు కావాలి. మెట్రిక్ లేత్‌కు వేరే గేర్లు ఉండాలి. సంబంధమే అనుకోవడం న్యాయం. అందుకే పొడవు షాఫ్టులే ఎక్కువ వచ్చే షాపులో ముందు కొలవాల్సింది స్పిండిల్ రంధ్రం.